రాళ్ళచెక్క వగరు

నేను తాగను. వైన్ దిగుమతి చేసే కంపెనీలో తల నెరిసేదాకా పనిచేసిన మనిషి మొదటి మాటే ఇలా రాస్తే మీకు నవ్వొస్తుందని తెలుసు. నవ్వుకోండి. మా బంధువులు నవ్వలేదు, గుసగుసలాడారు. "సుగుణ అమెరికాలో మందు కంపెనీలో చేస్తోందట, రోజూ పుచ్చుకుంటుందట" అని తెనాలిలో మా మేనత్త ఊరంతా చాటింది. మా వారు ఇక్కడ మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరుగా చేశారు. మజ్జిగ తప్ప ఇంకోటి ఎరగని మనిషి. "మేడం ఏం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే "ఫుడ్ ఇంపోర్ట్స్" అని చెప్పి మాట మార్చేసేవారు.

ఈమధ్య మన పిల్లలు కొందరికి కోడింగ్ మీద మొహం మొత్తి ఇటు వస్తామంటున్నారు. "ఆంటీ, వైన్ ట్రేడ్‌లోకి ఎంటర్ అవ్వాలంటే ఏ కోర్స్ చేయాలి?" అని ఫోన్లు. కోర్సుల సంగతి నాకు తెలియదమ్మా. నాకు బాగా తెలిసింది ఫ్రాన్సులో ఒక ఎస్టేటు, అందులో ఒక తోట ముక్క, దాన్ని పీకేయాలా ఉంచాలా అని జరిగిన ఒక గొడవ. ఆ గొడవ చెబితే ఈ ఉద్యోగం ఏమిటో అర్థమవుతుందని నా నమ్మకం. అర్థం కాకపోతే నన్ను తిట్టుకోండి. రిటైరయ్యాక కుదురుగా కూర్చోవడం నాకు చేతకావడం లేదు. ఇంట్లో కనబడ్డ ప్రతి డబ్బా మూతా తీసి వాసన చూస్తూ తిరుగుతున్నాను. రాస్తేనన్నా చేతులు ఊరుకుంటాయేమోనని మొదలుపెట్టాను.

ఉమ్మడం

నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నది రస్సెల్. కంపెనీ ఆయనదే. నాకు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ఉందని ల్యాబ్ పనికి పిలిచి, ఇంటర్వ్యూలో మాత్రం మూడు గ్లాసులు ముందు పెట్టి "ఏం తెలుస్తోందో చెప్పు" అన్నాడు. నా ముందు వెళ్ళినవాళ్ళు బ్లాక్‌బెర్రీ అనీ, దేవదారు అనీ, గుర్రపు జీను అనీ చెప్పి బయటికొచ్చారు. నేనెప్పుడు చూశాను గుర్రపు జీను? మొదటి రెండు గ్లాసుల గురించి నోరు పెగల్లేదు. మూడోది నోట్లో పోసుకోగానే మాత్రం ప్రాణం లేచొచ్చింది. నేరేడు పళ్ళు గుప్పెడు తింటే నాలుక గరగరలాడుతుంది చూడండి, వక్క నమిలితే బుగ్గలు లోపలికి లాక్కుంటాయి చూడండి, అదీ.

"వగరు" అన్నాను తెలుగులోనే.

"అంటే?"

"మీ ఇంగ్లీషులో దానికున్న 'ఆస్ట్రింజెంట్' మందులషాపు సీసాల మీద రాసే మాట. మాకు అలా కాదు. తీపి, పులుపు, కారం ఎలాగో అదీ ఒక రుచి."

"మీవాళ్ళకి అది తప్పు కాదా?"

"తప్పెందుకవుతుంది? పాళ్ళు తెలిసి వేసుకోవాలి గానీ."

ఆయన సోమవారం రమ్మన్నాడు. అందుకే మీకు నేను చెప్పే మొదటి సంగతి ఇది. ఎవరో రాసిపెట్టిన పళ్ళ పేర్లు బట్టీ పట్టకండి. మీ అమ్మ వంటింట్లో నేర్చుకున్న నాలుకతో మొదలుపెట్టండి, మిగతాది అదే వస్తుంది.

రెండోది ఉమ్మడం. నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్‌లో ఉమ్మాలి. మొదటి వారమంతా నా జాకెట్లు, చీరలు ఎర్రమరకలే. రస్సెల్ మాత్రం గది ఆ మూల నుంచి ఈ మూలకి గురి తప్పకుండా ఉమ్మేవాడు, అదో విద్య. మింగినవాడికి మధ్యాహ్నానికల్లా అన్ని వైన్లూ మంచివే అవుతాయి. అలాంటివాళ్ళు చెప్పిన మాటలు నమ్మి మునిగిన కొట్లు నేను చూశాను. మా అమ్మకి ఫోన్‌లో "నేను మింగనమ్మా, ఉమ్మేస్తాను" అని ఒట్టేసి చెప్పాను. "అదేం ఉద్యోగమే తల్లీ, నోట్లో పోసుకుని ఉమ్మినందుకు జీతమిస్తారా?" అంది. ఇచ్చారు. నేనూ ఆ ఒట్టు తప్పలేదు.

ఎస్టేటు

పేరు చెప్పను. వాళ్ళకి లాయర్లున్నారు, నాకు ఓపిక లేదు. బోర్డో ప్రాంతంలో, వెడల్పాటి నది ఒడ్డున ఉంటుందని మాత్రం తెలిస్తే చాలు. తరతరాలుగా ఒక్క కుటుంబం చేతిలో ఉన్న ఎర్రవైన్ ఎస్టేటు. సీసా మీద బొమ్మ తాతల నాటి నుంచి మారలేదు. అమెరికాలో పెద్ద రెస్టారెంట్లు ఆ సీసాని రెండు చేతులతో పట్టుకుని తీసుకొస్తాయి, దేవుడి పటంలాగా.

ఇలాంటి చోట్ల 'వారసత్వం' అనేమాట చాలా వినబడుతుంది. మొహమాటం లేకుండా చెబుతాను, అందులో సగం రంగేసిందే. వచ్చినవాళ్ళకి చూపించే నేలమాళిగలో కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. పని జరిగే నేలమాళిగలో ట్యూబులైట్లు, రబ్బరు బూట్లు, నీళ్ళ పైపులు. బురుజు కూడా ఈమధ్యే కట్టించారని, పాతగా కనబడాలని రాయి గీకించారని అక్కడి పనివాళ్ళే నవ్వుతూ చెప్పారు. నిజమైన వారసత్వం నాకు రెండింటిలో కనబడింది.

ఒకటి, చిన్న మిట్ట మీద ఉన్న ఓ తోట ముక్క. నేలంతా బంగాళాదుంపలంతేసి గులకరాళ్ళు. దానికో ఫ్రెంచి పేరుంది, నేను మొదటిసారి చూసినప్పటి నుంచీ 'రాళ్ళచెక్క' అంటాను, పొలం ముక్కని మావైపు చెక్క అంటాం కదా. అందులో ద్రాక్షమొక్కలు ముసలివి, బోదెలు మెలికలు తిరిగి మన ముంజేయి కంటే లావు. కాసేది కొంచెం. ఆ కొంచెంతో చేసిన వైన్ ఒక్కటే తాగితే మొహం చిట్లిపోతుంది. మిగతా తోటల వైన్ మెత్తగా, పండువాసనతో ఘుమఘుమలాడుతుంది. వేటికవే పీపాల్లో విడిగా ఉంచి, చలికాలంలో రుచి చూసి, పాళ్ళు కట్టి కలుపుతారు. చారులో చింతపండు ఎంత పడుతుంది? అంతే పడేది రాళ్ళచెక్క. అది లేకపోతే మాత్రం చారు చారు కాదు.

రెండోది ఒక భోజనం. ఓసారి కోతల సమయంలో రస్సెల్‌తో వెళ్ళాను. చివరిరోజు పీపాల మీద పలకలు పరిచి పొడుగాటి బల్ల చేశారు. ద్రాక్ష కోసినవాళ్ళంతా, స్పెయిన్ నుంచీ మొరాకో నుంచీ వచ్చిన కూలీలు, మట్టిచేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. యజమాని, ఎనభై దాటిన ముసలాయన, వాళ్ళ మధ్యలోనే ఇరుక్కుని కూర్చున్నాడు. మంచి సీసా ఒకటి ఆయన ముందు పెట్టబోతే చేత్తో తోసేశాడు. అన్ని పీపాల్లోంచీ తలా కాస్త తీసి కలిపిన వైన్‌ని కూజాల్లో పోసి అందరికీ అదే పోశారు.

నా పక్కన ఆయన మనవరాలు ఎలెన్ కూర్చుంది. అప్పటికి పీపాల గది బాధ్యతంతా తనదే. "తాతయ్య నియమం. ఈరోజు బల్ల మీద రెండు వైన్లు ఉండకూడదు" అంది. నాకది కొత్తగా అనిపించలేదు. పంక్తిలో కూర్చున్నాక గొప్పవాడికొకటి, పేదవాడికొకటి వడ్డించకూడదని మా నాయనమ్మ అరిచిన అరుపులు గుర్తొచ్చాయి. ఆ భోజనం మొదలు ఎలెన్‌తో నా స్నేహం కుదిరింది.

తరవాత ముసలాయన పోయాడు. వారసుల్లో వారసులకి పడలేదు. ఎస్టేటుని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కొంది. ఎలెన్ సొంత తాత ఇంట్లో జీతగత్తె అయింది. కోతల చివరిరోజు కూలీలకి ప్లాస్టిక్ డబ్బాల్లో శాండ్‌విచ్‌లు ఇస్తున్నారని ఫోన్‌లో చెప్పి ఊరుకుంది.

అడగడంలోనే జవాబు

కొత్త యజమానులకి రాళ్ళచెక్క కంట్లో నలుసైంది. కాసేది తక్కువ, కోసేది కష్టం, వైన్ కుదుటపడడానికి ఏళ్ళు పడుతుంది. ఎవరికుంది అంత ఓపిక? అమెరికావాళ్ళకి ఈరోజు కొని ఈరోజే తాగే మెత్తటి వైన్ కావాలన్నారు. ముసలి మొక్కలు పీకేసి, ఎక్కువ కాసే మెత్తటి రకం వేస్తామన్నారు. కానీ పేరున్న ఎస్టేటు కదా, రేపు పత్రికలవాళ్ళు అడిగితే చూపించడానికి ఒక సాకుండాలి. అమెరికాలో మూడుచోట్ల జనానికి రుచి చూపించి అభిప్రాయం అడుగుదామన్నారు.

ఎవరికి చూపించాలన్నప్పుడు రస్సెల్ నావైపు తిరిగాడు. అప్పటికి మా ఖాతాదారుల్లో కొత్తగా వస్తున్నది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళూ, కార్ల కంపెనీల వాళ్ళూనే. "మీ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పెట్టు. వాళ్ళకి పాత పక్షపాతాలుండవు" అన్నాడు. సరేనన్నాను. మా ఇంట్లో ఒకటి, ఇల్లినాయ్‌లో అరోరాలో స్నేహితుల ఇంట్లో ఒకటి, వాషింగ్టన్ రాష్ట్రంలో రెడ్‌మండ్‌లో ఒకటి.

ఎలెన్ అట్టపెట్టెలతో దిగింది. ఎయిర్‌పోర్టు నుంచి డ్రైవ్ చేస్తూ అడిగాను, ఏం తెచ్చావని.

"రెండు రకాలు. ఒకటో నంబరు, రాళ్ళచెక్క తప్ప మిగతా తోటలన్నీ కలిపింది. రెండో నంబరు, రాళ్ళచెక్క ఒక్కటే."

"ఒక్కటేనా? రెండూ కలిపింది ఏది?"

"తేలేదు. తేవద్దన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కారు పక్కకి తీసి ఆపేశాను. "చింతపండు పులుసు ఒక్కటే గ్లాసులో పోసిచ్చి, చారులో చింతపండు వేయమంటారా వద్దా అని అడుగుతారా? బుద్ధున్నవాడు ఎవడైనా వేయమంటాడా? జవాబు ముందే రాసుకుని ప్రశ్న తయారుచేశారు ఎలెన్!"

"నేను ఉద్యోగిని సుగుణా" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ.

రస్సెల్‌కి ఫోన్ చేసి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వగరు అన్న మాటకే నన్ను ఉద్యోగంలో పెట్టుకున్న మనిషే "మనం ఆతిథ్యమిస్తున్నాం అంతే. వాళ్ళ తోట, వాళ్ళిష్టం. పైగా మెత్తగా ఉంటే అమ్మడం తేలిక" అన్నాడు. మంచి బాసే, కాదనను. కానీ మంచి బాసుకి కూడా అమ్మకాల సీజన్‌లో నాలుక పనిచేయదు. ఈ ముక్క రాసిపెట్టుకోండి.

మా ఇంట్లో అంతా అనుకున్నట్టే జరిగింది. ఒకటో నంబరు పోయగానే "స్మూత్‌గా ఉందండీ" అని దానికే ఓటుగా చేతులెత్తారు. రెండోది పోయగానే మొహాలు మాడాయి. "అక్కా, ఇదేంటి కషాయమా?" అన్నాడు మా వారి ఆఫీసు కుర్రాడు. మా వారు మజ్జిగ గ్లాసు పట్టుకుని మెట్ల మీద నిలబడి అంతా చూస్తున్నారు.

అరోరాలో నేను ఉండబట్టలేక "ఈ రెండోది అసలు విడిగా తాగేది కాదండీ" అని మొదలుపెట్టాను. ఎలెన్ దూరం నుంచే తల అడ్డంగా ఊపింది. తరవాత పక్కకి పిలిచి "నువ్వు చెబితే అది వాళ్ళ అభిప్రాయం కాదు, నీ అభిప్రాయం. అలా గెలిచి ఏం లాభం?" అంది. తన తాత మొక్కలకి ఉరి పడుతుంటే కూడా నియమం తప్పని మనిషి. ఆ నిజాయితీ చూసి గౌరవం కలగాలి, నాకు మాత్రం జుట్టు పీక్కోవాలనిపించింది.

మర్నాడు పొద్దున హోటల్లో టిఫిన్ దగ్గర ఆమె ఏమీ తినలేదు. ఎందుకని అడిగితే చెప్పింది. పీకేసిన ద్రాక్షబోదెల్ని వాళ్ళ ప్రాంతంలో పారేయరట, నిప్పుల మీద మాంసం కాల్చుకోవడానికి అవే శ్రేష్ఠమట. "మా కొత్త డైరెక్టరు రాళ్ళచెక్క బోదెలతో ఆఫీసువాళ్ళందరికీ విందు ఇస్తానని ఇప్పటి నుంచే జోకులేస్తున్నాడు. ఆ మొక్కలు కొన్ని మా ముత్తాత నాటినవి." ఏడవలేదు. చెంచాతో పెరుగు కెలుకుతూ కూర్చుంది. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక మిగిలింది రెడ్‌మండ్ ఒక్కటే. అదీ ఇలాగే అయితే ఆ చలికాలమే పార పడుతుంది.

రెడ్‌మండ్

కిరణ్‌ది రాజమండ్రి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, వైన్ అంటే పిచ్చి. పత్రికలవాళ్ళిచ్చే మార్కులు చూసి కొంటాడు, సినిమాకి రేటింగ్ చూసి వెళ్ళినట్టు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి స్నేహితుల్ని కుటుంబాలతో పిలిచాడు. వంటంతా వాళ్ళమ్మ అనసూయమ్మ గారిది. ఆవిడ వాళ్ళతోనే ఉంటారు, వంటింట్లో ఆవిడ మాటకి తిరుగులేదు. మిరపకాయ బజ్జీలు, గుత్తివంకాయ, పులిహోర, ఓ పక్క చికెన్ వేపుడు. నన్ను చూడగానే "ఏమ్మా, చిక్కిపోయావ్" అన్నారు. నేను చిక్కలేదు, అదో పలకరింపు.

ఈసారి ఎలెన్ పద్ధతి కొంచెం మార్చింది. పెరట్లో రెండు పొడుగాటి బల్లలు వేశారు. ఒక బల్లకి మొదట ఒకటో నంబరు, ఇంకో బల్లకి రెండో నంబరు. సగం భోజనమయ్యాక మార్చాలి. సీసాలన్నీ బిరడాలు తీసి వంటింటి గట్టు మీద వరసగా పెట్టి, ఏ సీసా ఏ బల్లకో కిరణ్‌కి వివరించి, ఎలెన్ నన్ను తీసుకుని పెరట్లో గ్లాసులు సర్దడానికి వెళ్ళింది. కిరణ్ ఆ వివరం వాళ్ళమ్మకి చెప్పాడు. చెప్పి, పార్కింగ్ చూడడానికి వాకిట్లోకి పోయాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మేం లోపలికొచ్చేసరికి అనసూయమ్మ గారు సాంబారు కాచే పెద్ద స్టీలు గిన్నె గట్టు మీద పెట్టి, అందులో గరిటె తిప్పుతున్నారు. పక్కన ఖాళీ సీసాలు. అన్నీ ఖాళీ.

నేను గట్టు దగ్గరికి పరిగెత్తాను. "పిన్నిగారూ! ఏం చేశారండీ?"

"కలిపానమ్మా" అన్నారావిడ తాపీగా. "ఆ బల్లవాళ్ళకొకటి, ఈ బల్లవాళ్ళకొకటిట! మా వాడు చెబుతుంటే విని బిత్తరపోయాను. నేను ముట్టను, ముట్టేవాళ్ళని కాదనను. కానీ ఒక్క ఇంట్లో, ఒక్క పూట, పిలిచి కూర్చోబెట్టి పంక్తిభేదం చేస్తామా? మా ఇంటా వంటా లేదు."

కిరణ్ అప్పుడే వచ్చాడు. గిన్నెలోకి చూసి నోరెళ్ళబెట్టాడు. "అమ్మా! వాట్ డిడ్ యూ డూ! అది ఎంత ఎక్స్‌పెన్సివ్ వైనో తెలుసా? టేస్టింగ్ మొత్తం స్పాయిల్ అయిపోయింది కదమ్మా!"

"ఏం స్పాయిలు? చెంబెడు నీళ్ళు పోశానా? ఉన్నదే కలిపాను. నీ గోల నువ్వు చూసుకో, బజ్జీలు చల్లారిపోతున్నాయి" అని ఆవిడ గరిటెతో స్టీలు గ్లాసుల్లోకి పోయడం మొదలెట్టారు. కిరణ్ ఇంకో అరుపు అరిచేలోపే ఇద్దరు పిల్లలు ఆ గ్లాసుల ట్రే పెద్దవాళ్ళకి మోసుకుపోయారు కూడా.

చచ్చింది గొర్రె అనుకున్నాను. ఎలెన్ వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. తెలుగు రాకపోయినా ఆమెకి అర్థంకానిదేం లేదు. గిన్నె, గరిటె, ఖాళీ సీసాలు. "ఆవిడ ఏమంటున్నారు?" అని మెల్లగా అడిగింది.

"ఒక బల్ల మీద రెండు వైన్లు ఉండకూడదంటున్నారు" అన్నాను.

ఎలెన్ గిన్నె దగ్గరికి వెళ్ళింది. స్టీలు గ్లాసు ఒకటి తీసుకుని ఆవిడ ముందు చాపింది. ఆవిడ గరిటెడు పోసి "తాగమ్మా, మొహం చూస్తే పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు" అన్నారు. ఎలెన్ వాసన చూసింది. నోట్లోకి తీసుకుంది. కళ్ళు మూసుకుంది. నేనూ ఓ గుక్క తీసుకున్నాను.

ఏం చెప్పను? ముందు పండుతనం వచ్చింది, ఆ వెనకే రాళ్ళచెక్క వచ్చి దాని నడుం నిలబెట్టింది. వగరు నాలుక మీద నిలబడి, మెల్లగా తీపిలోకి దిగింది. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగినట్టు. పాళ్ళు సరిగ్గా లేవు, రాళ్ళచెక్క మోతాదు మించింది. అయినా అది ఆ ఎస్టేటే. ఆ పొడుగాటి బల్ల దగ్గర, ముసలాయన పక్కన, కూజాలోంచి పోసింది ఇదే. నేను అలవాటుకొద్దీ సింకు దగ్గరికి వెళ్ళి ఉమ్మేశాను.

వెనక్కి తిరిగేసరికి ఎలెన్ నన్నే చూస్తోంది. "దీన్ని కూడానా?" అంది. అప్పుడేడ్చింది. ఆ ప్రయాణం మొత్తంలో అప్పుడే. అనసూయమ్మ గారు కంగారుపడి "అయ్యో, కారం తగిలిందా?" అంటూ పెరుగన్నం కలపడానికి వెళ్ళారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

పెరట్లో ఓట్లు అడగడానికి రెండు వైన్లు లేవు. గిన్నె మాత్రం ఖాళీ అయింది. బజ్జీలతో, వేపుడుతో, పిల్లల గోల మధ్య. "ఆంటీ, ఇంకొంచెం ఉందా?" అని ఒకరు, "కోక్ లేదా?" అని ఇంకొకరు.

ఆ తరవాత

ఎలెన్ జరిగింది జరిగినట్టు పై వాళ్ళకి చెప్పింది. రెండుచోట్ల ఒకటో నంబరుకే చేతులు లేచాయని దాచలేదు. మూడోచోట ఇంటి పెద్దావిడ రెండూ కలిపేశారని, గిన్నె మిగల్లేదని, అసలు అడగాల్సిన ప్రశ్న ఆవిడే అడిగారని చెప్పింది. డైరెక్టరు మండిపడ్డాడట. మూడో పరీక్ష చెల్లదన్నాడట. చెల్లకపోతే మూడు పరీక్షలూ పూర్తికానట్టే కదా, మళ్ళీ చేయండి, అప్పటిదాకా మొక్కలు ముట్టకూడదు అని ఈమె పట్టుబట్టింది. ఒక్క ఏడాది గడువిచ్చారు.

అక్కడి నుంచి ఏటేటా అదే తంతు. చలికాలం కొమ్మలు కత్తిరించే రోజులొస్తే మళ్ళీ మీటింగు, మళ్ళీ గొడవ, మళ్ళీ ఓ ఏడాది. "మన వీసా బతుకులాగే ఉంది, ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్" అన్నారు మా వారు. నిజమే. వీసా మీద బతికినవాళ్ళకి ఆ గాభరా చెప్పనక్కర్లేదు. నేను రిటైరైపోయాను. డిసెంబరు వస్తే చాలు, ఫోన్ పక్కన పెట్టుకుని కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాను. నాదా తోట? నా తాతదా? ఈ ప్రశ్న మా వారు చాలాసార్లు అడిగారు. మీరు ఈ ఉద్యోగంలోకి వస్తే మీకూ ఓ రాళ్ళచెక్క తగులుకుంటుంది, అప్పుడు చూసుకోండి.

ఈ చలికాలం ఎలెన్ ఫోన్ చేసింది. వాకిట్లో మంచు తోడుతున్నాను, పార వదిలేసి ఎత్తాను.

"రాళ్ళచెక్క ఉంటుంది. ఇక అడగరు. రాతపూర్వకంగా ఇచ్చారు."

నేను అరిచాను, ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు. తను నా అరుపు అయ్యేదాకా ఆగింది.

"నేను ఉండను సుగుణా. ఒప్పందం అదే. ఏటా అడ్డుపడే మనిషి వాళ్ళకి వద్దు. తోట ఉంచుతాం, నువ్వు వెళ్ళు అన్నారు. వెళ్తున్నాను."

తను పుట్టిన ఇల్లు అది. ఎక్కడికి వెళ్తావంటే, చెల్లెలి ఊరికి అంది. కోతల చివరిరోజు అటువైపు రోడ్డు మీదుగా వెళ్ళి చూస్తానంది. పెట్టేసే ముందు "ఆ పెద్దావిడకి చెప్పు" అంది. చెప్పాను. అనసూయమ్మ గారు అంతా విని "ఆ పిల్లని మా ఇంటికి రమ్మనమ్మా, ఆ ఇంట్లో బల్ల తీసేస్తే మన ఇంట్లో బల్ల లేదా?" అన్నారు.

ఆరోజు మధ్యాహ్నం కూర్చోలేకపోయాను, నుంచోలేకపోయాను. బేస్‌మెంట్‌లో ఆనాడు మా ఇంట్లో రుచి చూపించినప్పుడు మిగిలిన రెండు సీసాలున్నాయి, ఒకటో నంబరు ఒకటి, రెండో నంబరు ఒకటి. పైకి తెచ్చాను. బిరడాలు తీసి రెండూ స్టీలు గిన్నెలో పోశాను. గరిటె తిప్పాను. స్టీలు గ్లాసులో పోసుకుని వంటింట్లో నిలబడ్డాను. మా వారు మజ్జిగ కోసం వచ్చి, గిన్నె చూసి, నా మొహం చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నాకూ పోయి" అన్నారు.

"మీకా?"

"ఒక్క ఇంట్లో, ఒక్క పూట, నీకొకటి నాకొకటి ఏమిటి?"

పోశాను. ఆయన ఓ గుక్క తాగి మొహం చిట్లించి, కింద పెట్టకుండా గ్లాసు పట్టుకునే కూర్చున్నారు. నేను నోట్లో పోసుకున్నాను. పండుతనం వచ్చింది, వెనకే రాళ్ళచెక్క వచ్చింది. ఇన్నేళ్ళకి వగరు కాస్త మెత్తబడింది. పక్కనే సింకు ఉంది.

మింగాను.